కాలికి తోడైన శాస్త్రము

కొల్లేటి లంకలలో వానకాలపు బాటలెట్టివో ఆ సీమ బాలురకు చెప్పనక్కఱలేదు. అడుగు వేసినచో మడమ మునుగును. తీసినచో చెప్పు అచటనే నిలిచిపోవును. 1988 ప్రాంతమున నేను ఏలూరు చేరువ నొక బడిలో ఉపాధ్యాయుడనై యుంటిని. అట్టి గట్టుమీదుగా ఒక బాలుడు బడికి వచ్చుచుండెను. పోలియో వ్యాధిచే అతని కుడికాలు సన్నగిల్లినది. తొడనుండి పాదము వఱకు ఇనుపకడ్డీలు, తోలుపట్టెలు. ఆ సాధనమును కాలిపర్ అందురు. అతనిని నిలువబెట్టునది అదియే. బురదలోనికి లాగునదియు అదియే. రెండవ వానకాలమున అతడు బడి మానెను. ఇంటికి పోయి కారణమడిగితిని.

“కాలు నొప్పి కాదండి మాస్టారూ, ఇనుము మోయలేకపోతున్నానండి” అనెను. నాయొద్ద బదులు లేకపోయెను.

ఆ బదులు పిదప హైదరాబాదులో దొరకినది. అగ్ని క్షిపణి 1989లో మొదటిసారి ఎగిరెను. దానికై మన శాస్త్రజ్ఞులు మిక్కిలి తేలికయైన కర్బన పదార్థమును సిద్ధపఱచిరి. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాముగారి ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థమును చేతనెత్తి చూచి, ఆయనను తన ఆసుపత్రికి తోడుకొనిపోయెను. అచట మూడు కిలోలకు మించిన లోహసాధనములతో కాళ్లీడ్చుచున్న పిల్లలుండిరి. మూడు వారములలో మూడువందల గ్రాముల కాలిపర్లు తయారయ్యెను! ఈ సంగతిని కలాముగారే పలుమార్లు చెప్పిరి. 1998లో ఆయనయు, హృద్రోగ నిపుణులు సోమరాజుగారును కలిసి గుండె రక్తనాళమును తెఱచియుంచు స్టెంటును రూపొందించిరి.

వైద్యునికి నొప్పి తెలియును. ఇంజనీరునకు లోహము తెలియును. ఆ వైద్యుడు ప్రయోగశాల గుమ్మము త్రొక్కుట కేవలము మన అదృష్టము. అదృష్టముతో పనిలేకుండ రెండును నేర్పు చదువే బయోమెడికల్ ఇంజనీరింగు. ఇంటరులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, ప్రవేశపరీక్ష నెగ్గినవారికి ఇది నాలుగేండ్ల చదువు. హైదరాబాదున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలయందు ఈ శాఖ కలదు. ఎముక బరువునెట్లు మోయునో ఒకవంక, పదార్థముల బలమెట్టిదో మఱియొకవంక నేర్తురు. గుండె పుట్టించు విద్యుత్తు చర్మముపై వోల్టులో వేయవవంతు మాత్రమే దొరకును. దానిని పెంచి కాగితముపై గీతగా చూపు యంత్రమును విప్పి, మరల కూర్చుటయు ఇందలి పాఠమే. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన జాతీయ సాంకేతిక సంస్థలో ఎలక్ట్రానిక్సు, లోహశాస్త్రము వంటి శాఖలున్నవి. అట్టివి చదివినవారును పైచదువున ఈ దారికి రావచ్చును.

కొన్నియేండ్లకు ఆ శిష్యుడు ఏలూరు బస్సు నిలయమున నన్ను గుర్తుపట్టి పలుకరించెను. ప్యాంటు కొంచెము పైకెత్తి, క్రొత్త కాలిపరును వ్రేలితో తట్టి చూపెను. లంకలోని బాట యెట్లున్నదని అడిగితిని.

“బురద పాతదేనండి మాస్టారూ” అని నవ్వెను.