వారానికో ముక్క చాలు, పద కోఠికి!

పుస్తకం తెరిచిన రెండో పేజీకే చెయ్యి ఫోను వైపు పోతోందా? పోనీలే, దానికంత బెంగెందుకు! మనందరి ఇళ్లలోనూ అదే వరస. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపులో రోజుకో నవల మార్చినవాళ్లమే, ఇవాళ నాలుగు పేజీలు దాటలేకపోతున్నాం. అంతమాత్రాన "నాకిక చదివే అలవాటు పోయింది" అని నీకు నువ్వే తీర్పు చెప్పేసుకోకు తల్లీ. పోయింది అలవాటు కాదు, తీరిక. గంటసేపు ఎవరూ పిలవని మధ్యాహ్నం ఇప్పుడెవరికుంది చెప్పు?

పైగా మళ్లీ మొదలెడదామనుకోగానే మనం ఏం చేస్తాం? ఏకంగా 'వేయిపడగలు' తెచ్చి దిండు పక్కన పెట్టుకుంటాం. గొప్ప నవలే, కాదనను. కానీ జ్వరం తగ్గిన రోజే ఎవరైనా బిర్యానీ తింటారా? దాన్ని అల్మరాలో ఉండనీ. ఎక్కడికీ పోదు.

మన తెలుగులో జనం ఎగబడి చదివిన పుస్తకాలు బోలెడు ముందుగా పత్రికల్లో ముక్కలు ముక్కలుగా వచ్చినవే. కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య చదువుకునేవాళ్లని తలుచుకునే రాశారా అనిపిస్తుంది. మన తీరిక కూడా ఇప్పుడు తునకలు తునకలైపోయింది కదా, సరిగ్గా సరిపోతాయి.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'తో మొదలెట్టు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన వంద కథలు, 1979లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. బహుమతి పుస్తకమనగానే మొహం అలా పెట్టకు! చిట్టిపొట్టి కథలు, తోడుగా బాపు బొమ్మలు. కప్పులో టీ అయ్యేలోగా ఒకటి అయిపోతుంది. వరసగా చదవాలన్న పట్టింపు కూడా లేదు, ఎక్కడ తెరిస్తే అక్కడే. స్వాతి వారపత్రికలో వచ్చిన వంశీ 'మా పసలపూడి కథలు' కూడా అలాగే. కాకపోతే కడుపు నిండా తిన్నాకే పట్టుకో. ఆ గోదావరి వంటల ముచ్చట్లకి అర్ధరాత్రి వంటింట్లోకి వెళ్లాల్సొస్తుంది.

మనసు మరీ బరువుగా ఉందా? అయితే సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కతలు'. రసాయనశాస్త్రం చదువుకుని, హైదరాబాదులో సొంతంగా పరిశ్రమ నడిపిన మనిషి ఆవిడ. చిన్నపిల్ల గొంతుతో ఇంటి సంగతులు చెబుతుంటే ఎవరో చుట్టాలావిడ వచ్చి మన మంచం మీద కూర్చున్నట్టే ఉంటుంది. నా ఓటు దీనికే. నామిని 'మిట్టూరోడి కతలు'లో చిత్తూరు యాస మొదట్లో కాస్త అడ్డం పడొచ్చు. కళ్లతో కాదు, పైకి చదువు. రెండు పేజీల్లో చెవికి పట్టేస్తుంది.

ఇక యద్దనపూడి సులోచనారాణి పేరెత్తితే నీకు సిగ్గెందుకమ్మా? 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని తలుచుకుని నవ్వుకునే అమ్మలు, పిన్నులు ఇప్పటికీ ఉన్నారు. తరవాతేమవుతుందోనని పేజీ తిప్పించడం చిన్న విద్యేం కాదు. మనకిప్పుడు కావాల్సిందీ అదే. ఎవరైనా మూతి విరిస్తే విరవనీ.

ఇవన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించేస్తానంటావు, నాకు తెలుసు. వద్దు. ఒక్కసారి హైదరాబాదులో కోఠి వెళ్లు. మెట్రోలో సుల్తాన్‌బజార్‌లో దిగితే బడీచౌడీ పక్కనే. కాచిగూడ చౌరస్తా వైపు ఆర్యసమాజం ఎదురుగా నవోదయ, ఇటు బ్యాంక్ స్ట్రీట్‌లో నవచేతన, రెండూ పుస్తకాల షాపులే. నచ్చిన పుస్తకాన్ని మధ్యలో తెరిచి, నిలబడే ఒక పేజీ చదువు. బయట హారన్ల మోత వినపడటం మానేసిందా? అయితే అది నీ పుస్తకమే. ఫోను తెర మీద ఈ పరీక్ష కుదరదు. కోఠి ఫుట్‌పాత్‌ల మీద ఉండేవి ఎక్కువగా పాఠ్యపుస్తకాలే, పిల్లలకి పనికొస్తాయేమో చూసుకో.

ఆదివారమే కుదురుతుందంటావా, అయితే ఆబిడ్స్. షాపులు మూసేస్తే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లీషు నవలలు, పోటీ పరీక్షల గైడ్లదే రాజ్యం. తెలుగు కావాలంటే వంగి వెతకాలి. బేరం మాత్రం మొహమాటపడకుండా ఆడు.

డబ్బు దగ్గర వెనకాడుతున్నావా? సుల్తాన్‌బజార్‌లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. నిజాం కాలంలో, 1901లో తెలుగు చదువరుల కోసం పుట్టిన గ్రంథాలయం. ఒకసారి లోపలికెళ్లి చూడు.

కొన్నాక నచ్చలేదనుకో, ముప్పై పేజీల దగ్గర వదిలెయ్. కొన్నాం కదా అని మింగాలా ఏంటి? చెల్లికిచ్చెయ్, పక్కింటావిడకిచ్చెయ్. రాత్రి ఫోను వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి, అది ఉండే చోట పుస్తకం పెట్టుకో. ఆ, ఇంకోమాట. కోఠికి వెళ్లేటప్పుడు పెద్ద సంచీ తీసుకెళ్లకు. రెండు పుస్తకాలు పట్టేది చాలు.