పోటీ పరీక్షల ప్రత్యేకం: జార్జ్ బెర్నార్డ్ షా

జననం: 1856 జులై 26, డబ్లిన్ (ఐర్లాండ్). తల్లి గాయని, సంగీత ఉపాధ్యాయురాలు.

సంగీత విమర్శకుడిగా: ‘ది స్టార్’ (1888–90), ‘ది వరల్డ్’ (1890–94) పత్రికలు. కలం పేరు ‘కార్నో డి బాసెట్టో’. ఇది క్లారినెట్ కుటుంబానికి చెందిన వాద్యం పేరు.

సంగీత గ్రంథం: ‘ది పర్ఫెక్ట్ వాగ్నరైట్’ (1898).

తొలి నాటక ప్రదర్శన: ‘విడోయర్స్ హౌసెస్’ (1892).

ముఖ్య నాటకాలు: ‘ఆర్మ్స్ అండ్ ది మ్యాన్’, ‘మ్యాన్ అండ్ సూపర్‌మ్యాన్’, ‘పిగ్మాలియన్’, ‘సెయింట్ జోన్’.

సంస్థలు: ఫేబియన్ సొసైటీ సభ్యుడు (1884), లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సహ వ్యవస్థాపకుడు (1895).

పురస్కారాలు: 1925 నోబెల్ సాహిత్య బహుమతి, ‘పిగ్మాలియన్’ (1938) చిత్ర రచనకు ఆస్కార్.

మరణం: 1950 నవంబర్ 2.

తప్పక గుర్తుంచుకోండి: నోబెల్, ఆస్కార్ రెండూ పొందిన తొలి వ్యక్తి షా, రెండో వ్యక్తి గాయకుడు బాబ్ డిలాన్. ‘మై ఫెయిర్ లేడీ’ (1956) సంగీత నాటకానికి ఆధారం ‘పిగ్మాలియన్’. జతపరచండి తరహా ప్రశ్నల్లో ఇవి అడిగే అవకాశం ఎక్కువ.