శుచికి ప్రకృతి వస్తువులు : కొనుటలో, అమ్ముటలో వివేకము

గృహమునకు శుచి యెంత అవసరమో, దానికై చేయు వ్యయమును ఎరిగి చేయుటయు అంతే అవసరము. నేడు ఏ అంగడిలో చూచినను "సహజము", "మూలికలతో చేసినది" అను మాటలు ముద్రించిన సబ్బులు, షాంపూలు, పళ్లపొడులు, నేల తుడుచు ద్రవములు వరుసగా కనబడును. వాటి వెల చూచి కొందరు వెనుకకు తగ్గుదురు. కొందరు ఆ ఒక్క మాటను నమ్మి అధికముగా చెల్లింతురు. పెట్టె ముందు ఉన్న మాట వేరు, లోపల ఉన్న వస్తువు వేరు. వస్తువేదో తెలిసికొని, వాడకమునుబట్టి ఖర్చు లెక్కించి, దాని వలన ఏ ప్రాణికి హాని కలుగునో విచారించి కొనుట గృహస్థునకు మేలు.

1. కిరాణా కొట్టులోని శుచి

కుంకుడుకాయ తొక్కలోను, శీకాయలోను సపోనిన్లు అను పదార్థములు కలవు. నీటిలో నురుగు కట్టి జిడ్డును విడదీయునవి ఇవియే. సబ్బు క్షారగుణము కలది. ఉప్పునీటి బావులు, బోరుబావులు ఉన్న చోట అది నీటిలోని సున్నపు లవణములతో కలిసి తెల్లని మడ్డిగా పేరుకొనును. కుంకుడు రసము అట్లు మడ్డి కట్టదు. క్షారమునకు ఉన్ని పాడగును. కావుననే శాలువలను కుంకుడు రసముతో ఉతుకుట పెద్దల కాలము నుండి ఆచారమైనది. బంగారు నగలకును అదే వాడుక.

కాయలు కొట్టి, గింజలు తీసి, తొక్కలను రాత్రి వేడినీటిలో నానవేసి, ఉదయమున పిసికి గుడ్డతో వడకట్టవలెను. రసము నిలువ ఉండదు గనుక ఏ పూటకు ఆ పూట చేసికొనుట మంచిది. కంట పడినచో మిక్కిలి మండును. పిల్లలకు తలంటునపుడు జాగ్రత్త వలయును.

ఒంటికి పెసరపిండి గాని శనగపిండి గాని చాలును. పిండి జిడ్డును పీల్చుకొనును. ఇత్తడి, రాగి పాత్రల కిలుమును చింతపండులోని ఆమ్లము కరిగించును. చారుకు పులుసు తీయగా మిగిలిన పిప్పియే ఇందుకు చాలును. తోమిన పిదప బాగుగా కడిగి పొడిగుడ్డతో తుడువనిచో మరల మచ్చలు పడును. వంటింటి అరల జిడ్డుకు వేడినీటిలో కొంచెము బట్టల సోడా కలిపి తుడిచిన చాలును.

2. ఖర్చు లెక్క

వస్తువు చవుకయో ప్రియమో సీసా వెల చెప్పదు. ఒక మారు వాడకమునకు ఎంత పడినదో చెప్పును. కుంకుడుకాయ కిలో 160 రూపాయలు, ఒక తలంటుకు 50 గ్రాములు అనుకొన్నచో 20 తలంట్లు వచ్చును; ఒక్కొక్కటి 8 రూపాయలు. 300 రూపాయల "సహజ" షాంపూ సీసా కూడ 20 మార్లే వచ్చినచో మారుకు 15 రూపాయలు. 2 రూపాయల చిన్న పొట్లములు రెండు వాడినచో 4 రూపాయలు. ఈ అంకెలు లెక్క నేర్చుకొనుటకే. ఎవరి ఊరి ధర వారు వేసికొనవలెను.

చిన్న పొట్లమే చవుక యని తేలినచో ఆ నిజమును దాచనక్కరలేదు. సామాన్యునకు అందుబాటులో ఉంచుటకే 1970లలో తమిళనాడులోని కడలూరు వ్యాపారి చిన్నికృష్ణన్ షాంపూను పొట్లములలో అమ్ముటకు దారి తీసెను. ప్రకృతి వస్తువు అన్నిట చవుక కాదు. పాత్రలకు, ఒంటికి, వంటింటి అరలకు మాత్రము నిజముగా డబ్బు మిగులును. అక్కడ మిగిల్చి, తలంటుకు మంచి కుంకుడుకాయ కొనినను నెల పద్దు పెరుగదు.

3. పెట్టె వెనుక చదువవలసినవి

స్నానపు సబ్బుపై "టి.ఎఫ్.ఎం." అని శాతము వేయుదురు. అది సబ్బులోని మొత్తము కొవ్వు పదార్థము. మొదటి తరగతికి 76, రెండవదానికి 70, మూడవదానికి 60 శాతమునకు తక్కువ ఉండరాదు. ఆ కొవ్వు ఎచటిదో చూచుట అహింసావ్రతులకు ముఖ్యము. "సోడియం టాలోవేట్" అనగా పశువుల కొవ్వుతో చేసినది. "సోడియం పామేట్" తాటిజాతి పామాయిలుది. "సోడియం కోకోయేట్" కొబ్బరినూనెది. "కార్మైన్" పురుగుల నుండి తీయు ఎరుపు రంగు. "షెల్లాక్" లక్క. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లము పశువుల నుండియు, మొక్కల నుండియు కూడ వచ్చును; పచ్చ చుక్క లేనిచో తయారీదారుని అడిగి తెలిసికొనవలెను. సౌందర్య వస్తువులను జంతువులపై పరీక్షించుటను మన దేశమున 2014లో నిషేధించిరి.

4. సహజమైనంత మాత్రమున నిర్దోషము కాదు

సపోనిన్లు చేపలకు విషము. కుంకుడు నీళ్లను చెరువులోనికి, కుంటలోనికి పోయరాదు. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటి మీది గట్టి పొరను అరగదీయును. ఇంట చేసిన పళ్లపొడిలో, పుచ్చు నుండి కాపాడు ఫ్లోరైడు ఉండదు. పుచ్చు పండ్లు గల పిల్లలకు దంతవైద్యుని సలహా తీసికొనవలెను. త్వరగా నల్లగా పండు గోరింటాకు పొడులలో పి.పి.డి. అను రసాయనపు రంగు ఉండవచ్చును. దాని వలన కొందరికి చర్మము పొక్కును. నిమ్మరసమును గాని, వెనిగరును గాని బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. ఊపిరికి హాని చేయు క్లోరిన్ వాయువు పుట్టును.

5. అమ్మువాని బాధ్యత

వర్తక కుటుంబమునకు ఇందు రెండు పాత్రలు కలవు. ఇంట కొనువారే కొట్టులో అమ్మువారు. శీకాయను కాయగా కొనువాడు కాయను చూచి కొనును. పొడిగా కొనువాడు అంగడివాని మాటను కొనును. పసుపులో రంగుకై సీసపు క్రోమేటు కలిపిన సందర్భములు పరిశోధనలలో బయటపడినవి. అట్టి పసుపు పసిబిడ్డకు నలుగు పెట్టు తల్లికి ఆ సంగతి తెలియు దారి లేదు.

తత్త్వార్థసూత్రము అచౌర్యవ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో తప్పుడు తూనికలు, కొలతలు ఒకటి. మంచి సరుకు పేర నకిలీ సరుకు అమ్ముట, అనగా ప్రతిరూపక వ్యవహారము, మరియొకటి. "సహజము" అను చీటీ అంటించి సహజము కానిదానిని అమ్ముటయు ఈ దోషములోనికే వచ్చును. కాయలను ఎదుట తూచి, కొనువారి ఎదుటనే పొడి కొట్టి యిచ్చు అంగడికి వేరు ప్రకటన అక్కరలేదు. అట్టి కొట్టు నుండి తెచ్చిన శీకాయతో తలంటుకొన్న ఇంటివారు మరల అచటికే వత్తురు.