పదమూడంటే పన్నెండూ ఒకటీ

ప్రతి ఆగస్టు 29న మన డిపార్ట్‌మెంట్‌లో గిడుగు రామమూర్తి పంతులుగారి ఫోటోకి దండ వేస్తాం. వాడుక భాష గురించి అందరూ మాట్లాడతారు. సవర భాష సంగతి మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది. నాకైతే అదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

1880లో ఆయన పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో ఉండేది సవరలు. వాళ్లకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందు తాను విద్యార్థి అయ్యారు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే సవరలో వాచకాలు రాశారు, బళ్లు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేసరికి ఆయనకి 67 ఏళ్లు దాటాయి.

ఒడిశాలో 2006లో 10 గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టారు. అందులో సవర ఒకటి. మా మేనత్త పనిచేసే కొండ మీది బడిలో మాత్రం పాఠం ఒడియాలోనే. "నాకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు కదా, ఇంకేం కావాలి అనుకున్నానే" అంటుంది అత్త. సవర ఆ రెండింటికీ చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందిన భాష.

ఒకరోజు లెక్కల క్లాసులో పుల్లలిచ్చి పదమూడు చూపించమంది. ఒక సవర అబ్బాయి పన్నెండు పుల్లలు కట్టగట్టి, పక్కన ఒకటి పెట్టాడు. అత్త ఆ కట్ట విప్పేసి "తప్పు, పది కట్టాలి" అంది. వాడు మళ్లీ పన్నెండే కట్టాడు. ఈసారి కోప్పడింది.

వాడు చేసింది తప్పు కాదు. సవరలో పదమూడంటే పన్నెండూ ఒకటీ. ముప్పై రెండంటే ఇరవై, పన్నెండు. ముప్పై మూడుకి దాని మీద ఇంకో ఒకటి. వాడు ఇంట్లో లెక్కపెట్టినట్టే బళ్లోనూ పెట్టాడు.

ఈ విషయం అత్తకి చెప్పింది ఆ ఊరి సవర కుర్రాడు, అదీ రెండేళ్ల తర్వాత. అంతకుముందు ఆమె వెళ్లిన ఒక ట్రైనింగ్‌లో పిల్లల సంస్కృతిని గౌరవించాలన్నారట, డాన్సు చూపించారట, పండగల గురించి చెప్పారట. లెక్క ఎలా పెడతారో ఎవరూ చెప్పలేదు. (డాన్సు చూపించడం తేలిక మరి!)

ఇప్పుడు అత్త ముందు పన్నెండు పుల్లల కట్టే కట్టిస్తుంది. తర్వాత అందులోంచి రెండు తీయించి, పది చూపిస్తుంది. పిల్లలు చప్పున పట్టేస్తున్నారట. ఆ అబ్బాయి మాత్రం అప్పటికే బడి మానేశాడు. ఎక్కడికి పనికెళ్లాడో అత్తకి తెలీదు.