బాల్యమునకును రొమ్ము క్యాన్సరునకును గల సంబంధము

హైదరాబాదునుండి చేవెళ్ల మీదుగా బీజాపూరునకు బోవు రహదారి ప్రక్కల మహామర్రులను చూడనివారు మా విద్యార్థులలో నుండరు. చెట్టు లేతగా నున్నపుడు ఎవరైన తీగ బిగించినచో, అది మ్రానైన పిదపగూడ ఆ నొక్కు బోదెపై నిలిచియుండును. మానవదేహమును కొంతవఱకు ఇట్టిదే. ఏబది యేండ్ల ప్రాయమున బయల్పడు వ్యాధికి పది పండ్రెండేండ్ల ప్రాయమున జరిగిన సంగతులు కొంత కారణము కావచ్చును. రొమ్ము క్యాన్సరు అట్టి వ్యాధులలో నొకటి. మన యిండ్లలో దీని పేరు గుసగుసలతోనే వినబడును. దేహశాస్త్రమున సిగ్గుపడవలసిన పాఠ మేదియు లేదని నమ్మి మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపఫలమును గాదు. మన దేహము లెక్కలేనన్ని కణములచే నేర్పడినది. పాత కణములు నశించుటయు, క్రొత్తవి పుట్టుటయు ఒక కట్టుబాటునకు లోబడి జరుగుచుండును. ఏదైన నొక కణము ఆ కట్టుబాటును మీఱి వృద్ధిపొందినచో గడ్డ యేర్పడును. అందలి కణములు ఇతరాంగములకు వ్యాపించినపుడు ప్రాణాపాయము కలుగును. 2022 సంవత్సరమున ప్రపంచమున సుమారు 23 లక్షలమంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడెను. సుమారు 6 లక్షల 70 వేలమంది దానిచే మరణించిరి. మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో నిదియే మొదటిది. 2020 లో వెలువడిన జాతీయ క్యాన్సరు నమోదు నివేదికలో, వయోభేదములను సరిచేసి లెక్కింపగా, హైదరాబాదు జిల్లాలో ఏటేట లక్షమంది స్త్రీలకు 48 మంది చొప్పున ఈ వ్యాధి కనబడినది. దేశమునందలి నమోదు కేంద్రములలో నిదియే అత్యధికము.

దీనికి బాల్యముతో నేమి పని యని యడుగవచ్చును. గుండె, కాలేయము మున్నగు నవయవములు పుట్టుకతోనే తమ పనికి సిద్ధముగా నుండును. స్తన మట్లు గాదు. బాలిక యెదుగునపుడు అది పెరుగ నారంభించును. తొలికాన్పయి బిడ్డకు పాలిచ్చిన పిమ్మటనే దాని కణములు పూర్తిగా పక్వమగును. అంతవఱకు అవి లేతవి. లేతకణములకు హాని సులభముగా తగులును. 1945 లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినపుడు ఇరువది యేండ్లు నిండని బాలికలుగా నుండినవారికి, పెద్దవారైన స్త్రీలకంటె, ఈ వ్యాధిభయము మిక్కిలి హెచ్చెను.

మఱియొక సంగతి. బాలిక ఎంత ముందుగా రజస్వల యైనచో, స్త్రీ హార్మోనుల ప్రభావము ఆమె దేహముపై అంత దీర్ఘకాల ముండును. ఒక సంవత్సరము ముందైనచో అపాయము నూటికి 5 వంతులు హెచ్చునని 2012 లో అనేక దేశముల పరిశోధనలను కలిపి లెక్కించినవారు తేల్చిరి. దీని యర్థము నూటికి అయిదుగురికి వ్యాధి వచ్చునని కాదు. ఇదివఱకే యున్న అపాయమునకు దానిలో ఇరువదవ వంతు మాత్రమే చేరునని గ్రహింపవలెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో మున్నగు స్పానిషుభాషా దేశములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు పెక్కు గలవు. స్వదేశమున పుట్టి పెరిగి వచ్చిన స్త్రీలకంటె, అమెరికాలోనే పుట్టిన స్త్రీలకు ఈ వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. వంశ మొక్కటియే, మారినవి ఆహారము, ఎత్తు, రజస్వలయగు వయస్సు, కాన్పుల సంఖ్య, జీవనవిధానము. వారు దేశము దాటి పొందిన మార్పు మనకు ఊరు కదలకయే వచ్చుచున్నది. నగరము గండిపేట దాటి మోయినాబాదు వైపునకు ప్రాకుచున్నది. నగరపు తిండియు, కూర్చుండి చేయు పనియు దానివెంట వచ్చుచున్నవి.

మంచి పోషణము బాల్యమున నెట్టి గుర్తు విడుచునో మన హైదరాబాదువారే చూపిరి. 1987 మొదలు 1990 వఱకు జాతీయ పోషకాహార సంస్థవారు నగర సమీపమునందలి 29 గ్రామములను తీసికొని, వానిలో కొన్నిట గర్భిణులకును, ఆఱేండ్లలోపు పిల్లలకును అదనపు ఆహారము అందునట్లు చూచిరి. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారైనపుడు పరీక్షింపగా, ఆహారము పొందిన గ్రామములవారు సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుండిరి. వారి రక్తనాళముల స్థితియు మేలుగా నుండెను. ఆ పరిశోధన క్యాన్సరును గూర్చినది కాదు. అయినను చిన్ననాటి ముద్ద ఎంతకాలము పనిచేయునో దానివలన తెలియుచున్నది.

ఇచ్చట నొక చిక్కు కలదు. ఎత్తెదిగిన స్త్రీలలోను, ముందుగా రజస్వలలైనవారిలోను, తొలికాన్పు ఆలస్యమైనవారిలోను రొమ్ము క్యాన్సరు కొంచెము హెచ్చు. అట్లయిన ఆడుపిల్లకు అన్నము తగ్గింపవలెనా? చదువు మాన్పించి చిన్ననాడే పెండ్లి చేయవలెనా? ముమ్మాటికిని కూడదు. అర్ధాకలివలన కలుగు రక్తహీనతయు, లేతవయస్సు కాన్పులవలన కలుగు ప్రాణనష్టమును ఈ కొద్దిపాటి అపాయముకంటె ఎన్నియో రెట్లు ఘోరమైనవి. పిల్లకు పాలు, పప్పు, ఆకుకూరలు, గ్రుడ్డు కడుపునిండ పెట్టవలసినదే, బడికి పంపవలసినదే. మంచిని విడువక అపాయమును తగ్గించు మార్గములే వెదకవలెను.

అట్టి మార్గములు కలవు. 1926 లో ఇంగ్లండునందు జానెట్ లేన్ క్లేపన్ అను వైద్యురాలు, వ్యాధిగల 500 మంది స్త్రీలను, వ్యాధిలేని 500 మందితో పోల్చి చూచి, పిల్లలకు పాలిచ్చుటకును ఈ వ్యాధికిని సంబంధము కలదని చూపెను. 2002 లో 30 దేశముల 47 పరిశోధనలను కలిపి చూడగా, తల్లి పాలిచ్చిన ప్రతి పండ్రెండు మాసములకు అపాయము నూటికి 4.3 వంతులు తగ్గునని తేలెను. బాలికలు ఆటలాడవలెను, ఆడుపిల్లకు ఆటస్థల మెందులకని అనరాదు. పెద్దయైన పిమ్మట నడక, పని మానరాదు, దేహము స్థూలము కానీయరాదు, మద్యము ముట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మౌనమును విడుచుట. తెల్లవారక మునుపే కూరగాయల బుట్టతో అంగడికి బోవు తల్లికి తన దేహమును గూర్చి తలంచు తీరిక యెక్కడిది? గడ్డ చేతికి తగిలినను, నొప్పి లేదు గదా యని ఊరకుండును. నొప్పి లేకుండుటయే ఈ గడ్డ చేయు మోసము. క్రొత్త గడ్డ, చర్మమున సొట్ట, చనుమొన లోనికి లాగబడుట, రక్తము స్రవించుట, వీనిలో నేది కనబడినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. గడ్డలన్నియు క్యాన్సరు కావు. ఏది యగునో పరీక్షయే చెప్పవలెను. ముప్పది యేండ్లు దాటిన స్త్రీలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్షించుటకు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. హైదరాబాదు రెడ్ హిల్సులో 1955 నుండి మెహదీ నవాజ్ జంగు పేరిట క్యాన్సరు ఆసుపత్రి కలదు. బీదలకు ఆరోగ్యశ్రీ సహాయమును కలదు. ఆరంభదశలో పట్టుబడిన వ్యాధి పెక్కుమందికి నయమగును.

మొక్కై వంగనిది మ్రానై వంగునా యని సామెత. ఈ విషయమున అది సగమే నిజము. బాల్యపు గుర్తులను చెఱుపలేకున్నను, పెద్దవయస్సున చేయదగినది చాల కలదు. విద్యార్థినులారా, విద్యార్థులారా! నేటి రాత్రి భోజనమైన పిమ్మట ఈ పాఠమును మీ తల్లికి, నాయనమ్మకు చదివి వినిపింపుడు. వారు సిగ్గుపడి మాట దాటవేసినను మరల నొకసారి చదువుడు.