పొట్లంపై మూడక్షరాలు

భిలాయి ఉక్కునగరంలో ఏ దుకాణానికి వెళ్ళినా, పానీయం డబ్బాపై వివరాలు ఆంగ్లంలోనో దేవనాగరి లిపిలోని హిందీలోనో కనిపిస్తాయి. చట్టం తప్పనిసరి చేసినది ఈ రెండింటిలో ఒకదానినే; ఇతర భాషలను అదనంగా ముద్రించవచ్చును. 1955 నాటి సోవియట్ ఒప్పందంతో వెలసిన ఈ కర్మాగారానికి దేశం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలలో తెలుగువారూ ఉన్నారు. హిందీ మాట్లాడగలిగినా చదవలేని గృహిణికి ఆధారం పెద్ద అక్షరాలలోని పేరొక్కటే.

ఓ.ఆర్.ఎస్. సంగతి చూడండి. హిందీలో దీనిని ‘జీవన్ రక్షక్ ఘోల్’ అంటారు. ప్రాణరక్షక ద్రావణమని తెలుగు చేయవచ్చు. ఇందులో అతిశయోక్తి లేదు. 1971లో బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినపుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే మరణాలను ఎంతగానో తగ్గించగలిగారు.

దీని మహిమ అంతా పాళ్ళలోనే ఉన్నది. గ్లూకోజు, సోడియం కలిసి పేగు గోడను దాటుతూ నీటిని వెంట తీసుకొనిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. చక్కెర అనేక రెట్లు పెరిగితే పని తారుమారవుతుంది. శరీరంలోని నీరే పేగులోనికి చేరి విరేచనాలు అధికమవుతాయి.

అయినప్పటికీ తీపి పానీయాలు కొన్ని ఆ మూడక్షరాలను తమ పేరులో చేర్చుకొని మందుల దుకాణాలలో సైతం అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిదేళ్ళు పోరాడారు; ఆ పోరాటంలో భాగంగా 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ పేరును నిషేధించిన భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, జూలైలో మళ్ళీ అనుమతించింది. ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓ.ఆర్.ఎస్. కాదు’ అన్న హెచ్చరిక ఉంటే చాలునన్నది. పైన ఒక పేరు పెట్టి, అడుగున అది కాదనుట ఎంత విచిత్రం! చదవలేని తల్లికి ఆ హెచ్చరిక లేనట్లే. చివరకు 2025 అక్టోబరు 14న సంస్థ ఆ అనుమతిని రద్దుచేసి, ఆహార పానీయాల పేరులో ముందు గాని వెనుక గాని ఆ మాట చేర్చరాదని ఆదేశించింది.

అంకెలు మాత్రం ఏ భాషవారికైనా ఒక్కటే. పోషక విలువల పట్టికలో 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో చూడండి. అసలైన ద్రావణంలో గ్లూకోజు 1.35 గ్రాములు మాత్రమే.