తలసరి జలవిద్యుత్తు: దేశాల మధ్య పోలిక

విద్యుత్ బిల్లులో కనిపించే ‘యూనిట్లు’ అనే మాట ప్రతి గృహస్థునికీ పరిచితమే. వెయ్యి వాట్ల పరికరం ఒక గంటసేపు పనిచేయడానికి ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్. ఏ దేశపు నదులు ఆ దేశ ప్రజలకు ఎంత సంపదనిస్తున్నాయో తెలుసుకోవడానికి కూడా ఈ కొలమానమే ఆధారం.

భారతదేశంలో జలవిద్యుత్ కేంద్రాలు ఏటా సుమారు 15 వేల కోట్ల యూనిట్లు ఉత్పత్తి చేస్తాయి. వర్షపాతాన్ని బట్టి ఇందులో హెచ్చుతగ్గులు ఉంటాయి. నార్వే ఉత్పత్తి కూడా దాదాపు ఇంతే. సుమారు 13,500 కోట్ల యూనిట్లు. అయితే భారత జనాభా 140 కోట్లకు పైమాటే కాగా, నార్వే జనాభా 55 లక్షలకు కాస్త ఎక్కువ. ఉత్పత్తిని జనసంఖ్యతో భాగించినప్పుడు అసలు అంతరం బయటపడుతుంది. ఏడాదికి ఒక్కొక్కరి వంతుకు వచ్చే యూనిట్లు సుమారుగా ఇవి:

ఐస్‌లాండ్: 35,000
నార్వే: 24,000
భూటాన్: 12,000కు పైగా
చైనా: 900
భారతదేశం: 100

మొత్తం ఉత్పత్తిలో ప్రపంచంలో ప్రథమస్థానం చైనాదే. తలసరి లెక్కలో మాత్రం ఆ దేశం చిన్న దేశాలకు ఎంతో వెనుక నిలుస్తుంది.

యూనిట్ల సంఖ్య పరిమాణాన్ని తెలుపుతుందే కాని విలువను తెలుపదు. ఐస్‌లాండ్ విద్యుత్తులో అధికభాగాన్ని అల్యూమినియం కర్మాగారాలే వినియోగిస్తాయి. భూటాన్ వర్షాకాలంలో మిగులు విద్యుత్తును భారతదేశానికి విక్రయిస్తుంది. శీతకాలంలో నదులు సన్నగిల్లినప్పుడు తిరిగి భారతదేశం నుండే కొనుగోలు చేస్తుంది. అందువల్ల ఏ ఋతువులో, ఎవరికి, ఏ ధరకు అమ్మారన్నదే విలువను నిర్ణయిస్తుంది.

దీనికి పరాగ్వే చక్కని ఉదాహరణ. పరానా నదిపై బ్రెజిల్‌తో కలిసి నిర్మించిన ఇటైపూ కేంద్రపు సామర్థ్యం 14,000 మెగావాట్లు. 1973 నాటి సంధి ప్రకారం విద్యుత్తు చెరిసగం. ఒక దేశం వాడుకోగా మిగిలిన భాగం రెండవ దేశానికే చెందాలి. పరాగ్వే అవసరం స్వల్పం. మిగులు విద్యుత్తు బ్రెజిల్‌కు చేరేది. అందుకు లభించే పరిహారం న్యాయంగా లేదని పరాగ్వే ప్రజలు దీర్ఘకాలం వాదించారు. 2009లో ఆ పరిహారాన్ని ఏడాదికి 12 కోట్ల డాలర్ల నుండి 36 కోట్ల డాలర్లకు పెంచడానికి ఉభయ దేశాలూ అంగీకరించాయి. ఆ ఒప్పందంతో నదిలో ఒక్క చుక్క నీరైనా పెరగలేదు. విలువ మాత్రం మూడింతలయింది.

తలసరి సగటు దాచిపెట్టే సత్యం మరొకటి ఉన్నది. సగటు అందరికీ సమానంగా పంచినట్లు చూపుతుంది. నష్టం మాత్రం కొందరి మీదనే పడుతుంది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు మునిగిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నార్వేలో జలపాతాలున్న ప్రాంతపు స్థానిక సంస్థలకు, ఉత్పత్తి అయిన విద్యుత్తులో 10 శాతం వరకు నిర్ణీత ధరకు ఇవ్వాలని చట్టమే నిర్దేశిస్తుంది. నదిని ఇచ్చిన ఊరికి నదిలో వాటా ఉండాలన్నది దాని అంతరార్థం.

కనుక ఏ జలవిద్యుత్ పథకాన్ని గురించి చదివినా పౌరులు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది: తలకు ఎన్ని యూనిట్లు? యూనిట్‌కు ఏ ధర? ఆ ధనం ఎవరికి చేరుతున్నది?

అభ్యాసం: మీ ఇంటి ఏడాది బిల్లులలోని యూనిట్లను కూడి, కుటుంబ సభ్యుల సంఖ్యతో భాగించండి. వచ్చిన ఫలితాన్ని పై పట్టికలో భారతదేశపు అంకెతో పోల్చండి.